నిద్ర పోగొట్టేది ఒకటి, తిరిగి రానివ్వనిది మరొకటి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకొంటున్నాం. అవన్నీ అవసరమైన మాటలే. ఈసారి కార్యవర్గం వారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు, షుగరు, బీపీ సంగతి పక్కనబెట్టి నిద్రను ఎన్నుకొన్నాం. దానికి కారణం ఉంది. నిద్ర పట్టడం లేదని చెప్పడానికే డాక్టరు దగ్గరకు వచ్చేవాళ్ళు తక్కువ. తలనొప్పి అని వస్తారు, గ్యాస్ అని వస్తారు, ఒళ్ళు నొప్పులని వస్తారు. చీటీ రాయించుకొని, లేచి తలుపు దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, "డాక్టర్ సాబ్, నిద్రకు కూడా ఏదన్నా ఒక బిళ్ళ రాయండి" అంటారు. అసలు జబ్బు ఆ తలుపు దగ్గర చెప్పిన మాటలోనే ఉంటుందని మేము వైద్యులం చాలాసార్లు గ్రహిస్తూ ఉంటాం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. నిద్ర పట్టకపోవడం ఈమాన్ బలహీనతకు గుర్తు అని కొందరు అనుకొంటారు. "అల్లాహ్ మీద భరోసా ఉన్నవాడికి నిద్ర రాకపోవడమేమిటి?" అని ఇంట్లో వాళ్ళే దెప్పుతారు. ఆ మాటకు భయపడి చాలామంది నోరు విప్పరు. మరి అపనింద పడినప్పుడు హజ్రత్ ఆయిషా (ర) కంటికి కునుకు లేకుండా రాత్రులు ఏడుస్తూ గడిపారని బుఖారీ హదీసు గ్రంథంలో ఆమె మాటగానే నమోదై ఉంది కదా! దుఃఖం వచ్చినప్పుడు నిద్ర పోవడం మనిషి స్వభావం. అది పాపమూ కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు. ఇంకొందరు ఎవరో ఏదో చేయించారని తిరుగుతూ నెలలు గడిపేస్తారు. దువా చేసుకోండి, చేయించుకోండి. కాని వైద్యం మానవద్దు. ఒకటి చేస్తే రెండోది మానాలని ఎక్కడా లేదు.

ఇక అసలు విషయానికి వస్తాం. ఈ ప్రసంగంలో మీరు అన్నీ మరచిపోయినా ఒక్క మాట గుర్తుంచుకొంటే చాలు. నిద్రను పోగొట్టే కారణం ఒకటి. పోయిన నిద్రను తిరిగి రానివ్వని కారణం మరొకటి. ఈ రెండూ వేర్వేరని ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1980ల్లో స్పష్టంగా చూపించారు. నిద్రలేమి వైద్యమంతా ఈ మాట చుట్టూనే తిరుగుతోందంటే అతిశయోక్తి కాదు.

మన ఇళ్ళకు తెలిసిన ఉదాహరణే తీసుకొందాం. కడప, రాయచోటి వైపు కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు. ఒక తల్లి కూతురు అక్కడ ఇంటి పనికి వెళ్ళిందనుకోండి. అక్కడ పని ముగిసి ఆ పిల్ల చేతికి ఫోను వచ్చేసరికి రాత్రి 10 గంటలవుతుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. అంటే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. మొదటి నెలంతా తల్లి ఆ ఫోను కోసం మేలుకొని ఉంటుంది. ఫోను వచ్చాక బిడ్డ గొంతులో ఏదో తేడా ఉందని తెల్లవార్లూ ఆలోచిస్తుంది. ఇది మొదటి కారణం. న్యాయమైన కారణం. కొన్నాళ్ళకు కూతురు కుదుటపడుతుంది, మంచి ఇల్లు దొరుకుతుంది, జీతం సక్రమంగా వస్తుంది. తల్లి బెంగ తీరుతుంది. కాని నిద్ర మాత్రం తిరిగి రాదు. ఎందుకు? ఈ మధ్య కాలంలో ఆమె తెలియకుండానే నాలుగు అలవాట్లు చేసుకొంది. రాత్రి నిద్ర లేదు కదా అని పగలు రెండు గంటలు పడుకొంటోంది. నీరసం తీరడానికి సాయంత్రం రెండుసార్లు టీ తాగుతోంది. ఇవాళైనా త్వరగా పడుకొందామని తొమ్మిదింటికే మంచం ఎక్కుతోంది. పట్టకపోతే గడియారం చూస్తూ, "పన్నెండయింది, ఒంటిగంటయింది, ఇక రేపటి పని గతేం కాను" అని లెక్కలు వేస్తోంది. బెంగ పోయినా ఈ నాలుగూ పోలేదు. నిద్రను రానివ్వనివి ఇవే. బెంగ తీర్చడం ఒక్కోసారి మన చేతిలో ఉండదు. ఈ నాలుగూ మన చేతిలో ఉన్నాయి. ఇంతకంటే మంచి కబురు ఏముంది చెప్పండి!

నిద్ర ఎలా వస్తుందో తెలిస్తే ఈ మాట ఇంకా బాగా బోధపడుతుంది. నిద్రను రెండు శక్తులు లాగుకొస్తాయి. మొదటిది ఆకలి వంటిది. మనం మేలుకొన్న క్షణం నుంచీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పేరుకొంటూ ఉంటుంది. ఎంత సేపు మేలుకొని ఉంటే నిద్ర ఆకలి అంత పెరుగుతుంది. సాయంత్రం నాలుగింటికి గంటన్నర పడుకొంటే, భోజనానికి ముందు బజ్జీలు తిన్నట్లే, రాత్రికి ఆకలి చచ్చిపోతుంది. టీ, కాఫీలలోని కెఫీన్ ఈ అడినోసిన్ పని చేయకుండా అడ్డుపడుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన టీ పదకొండింటికి కూడా సగం లోపలే ఉందన్నమాట. పాలు లేవు కాబట్టి సులేమానీ చాయ్ పరవాలేదనుకోకండి. అందులో ఉన్నదీ టీ ఆకే. భోజనం తర్వాత జర్దా పాన్, గుట్కా, సిగరెట్టు కూడా ఇదే బాపతు. నికోటిన్ మెదడును లేపుతుందే గాని పడుకోబెట్టదు.

రెండో శక్తి గడియారం వంటిది. ఒంట్లోని గడియారం ఎలా తిరుగుతుందో కనుక్కొన్నందుకు 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. హాల్, రోస్‌బాష్, యంగ్ అని వారి పేర్లు. ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. ఉదయం పూట కంట్లో పడే పగటి వెలుతురు దాన్ని సరిచేస్తుంది. రాత్రిపూట కంటి ముందు పెట్టుకొన్న సెల్‌ఫోను వెలుతురు దాన్ని వెనక్కి తిప్పుతుంది. రాత్రిని విశ్రాంతి కోసం, పగటిని బతుకుతెరువు కోసం ఏర్పాటు చేసిన సంగతి దివ్య ఖుర్‌ఆన్ నబా సూరాలో మనం చదువుతూనే ఉన్నాం. చదివి మళ్ళీ ఫోను తెరుస్తున్నాం, అదీ మన పరిస్థితి.

ఇప్పుడు చేయవలసినవి చెబుతాం. ఇవి మా సొంత చిట్కాలు కావు. మంచానికీ నిద్రకూ తెగిపోయిన సంబంధాన్ని తిరిగి కలిపే పద్ధతిని రిచర్డ్ బూట్‌జిన్ 1972లో చెప్పారు. మంచం మీద గడిపే కాలాన్ని తగ్గించే పద్ధతిని స్పీల్‌మన్ బృందం 1987లో ప్రకటించింది. పెద్దవాళ్ళలో దీర్ఘకాల నిద్రలేమికి బిళ్ళల కంటే ముందు ఇటువంటి పద్ధతులతోనే వైద్యం మొదలుపెట్టాలని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సిఫారసు చేసింది.

మొదటిది, లేచే వేళను స్థిరం చేసుకోండి. నిద్ర పట్టే వేళ మన ఇష్టం కాదు, లేచే వేళ మన ఇష్టం. ఈ విషయంలో మనకు ఎంతో మేలు ఉంది. లోకమంతా అలారం వెతుక్కొంటే మనకు ఫజర్ అజాన్ ఉంది. వేసవికీ చలికాలానికీ ఫజర్ వేళ గంటకు పైగా మారుతుంది గాని, రోజుకూ రోజుకూ తేడా నిమిషాల్లోనే. రాత్రి ఎంత తక్కువ పట్టినా ఆ వేళకు లేవండి. అయితే ఫజర్ చదివి మళ్ళీ ముసుగుతన్ని తొమ్మిదింటి దాకా పడుకొంటే వచ్చిన లాభమంతా పోతుంది. నమాజు తర్వాత ఎండ పొడ వచ్చేదాకా అరగంట బయట నడవండి. ఆడవాళ్ళు డాబా మీదనైనా తిరగవచ్చు. ఆ వెలుతురే రాత్రి నిద్రకు బయానా.

రెండోది, మధ్యాహ్నపు కునుకు. ఖైలూలా మన సంప్రదాయంలో ఉన్నదే. మంచిదే. కాని అది కునుకుగానే ఉండాలి. 20 నిమిషాలు, మహా అయితే అరగంట, జొహర్ తర్వాత వెంటనే. అసర్ దాకా సాగితే అది కునుకు కాదు, రాత్రి నిద్రకు పెట్టిన గండి. రాత్రి నిద్ర బాగా చెడినవాళ్ళు కొన్ని వారాలు ఈ కునుకు కూడా మానడమే మేలు.

మూడోది, నిద్ర వచ్చాకనే మంచం ఎక్కండి. అలసటకూ నిద్రకూ తేడా ఉంది. ఒళ్ళు అలసినా కళ్ళు మూతలు పడకపోవచ్చు. కళ్ళు వాలినప్పుడే పడుకోండి. సుమారు 20 నిమిషాలైనా పట్టలేదనిపిస్తే లేచి వచ్చేయండి. గడియారం చూసి లెక్కపెట్టవద్దు, గడియారాన్ని గోడవైపు తిప్పేయండి. "లేచి ఎక్కడికి పోయేది సాబ్, ఒకటే గది, ఆరుమందిమి పడుకొంటాం" అని అడుగుతారు. నిజమే. వరండాలో ఒక కుర్చీ వేసుకోండి. అదీ లేకపోతే గది మూలన జానమాజ్ పరచుకొని గోడకానుకొని కూర్చోండి. దీపం తక్కువగా ఉండాలి. జిక్ర్ చేసుకోవచ్చు, తస్బీహ్ తిప్పుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. ఫోను మాత్రం ముట్టవద్దు. ఒక్క సంగతి. "ఇన్నిసార్లు చదివితే నిద్ర రావాలి" అనే లెక్కతో జిక్ర్ చేయకండి. ఇబాదత్ ఇబాదత్ కోసమే. నిద్రను వెంటబడి పట్టుకోబోతే అది పిల్లిలా పారిపోతుంది. మానాన మనం కూర్చుంటే వచ్చి ఒళ్ళో పడుకొంటుంది. కళ్ళు వాలగానే మళ్ళీ మంచం మీదకు వెళ్ళండి. మళ్ళీ పట్టకపోతే మళ్ళీ లేవండి. మొదటి వారం ఇది కష్టంగానే ఉంటుంది. ఓపిక పట్టాలి.

నాలుగోది, మంచం మీద గడిపే గంటలు తగ్గించండి. ఇది వినడానికి తలకిందుల మాటలా ఉంటుంది. నిద్ర లేనివాడిని ఆలస్యంగా పడుకోమంటారేమిటని అడుగుతారు. లెక్క చూడండి. ఒకాయన తొమ్మిదిన్నరకు పడుకొని అయిదింటికి లేస్తాడు. మంచం మీద ఏడున్నర గంటలు. నిద్ర పట్టేది అయిదున్నర గంటలే. మిగతా రెండు గంటలూ దొర్లడమే. ఆయన కొన్నాళ్ళు పదకొండున్నరకు పడుకొని అయిదింటికి లేవాలి. అప్పుడు నిద్ర ఆకలి పెరిగి, ముక్కలు ముక్కలుగా ఉన్న నిద్ర ఒకచోట చేరుతుంది. ఒక వారం గడిచాక, పడుకొన్న కాలంలో నూటికి 85 పాళ్ళు నిద్ర పడుతోంటే, పావుగంట ముందుకు జరిపి పదకొండుంబావుకు పడుకోవచ్చు. అలా వారం వారం పావుగంట. ఎంత తక్కువ నిద్ర పట్టినా మంచం మీద కాలాన్ని 5 గంటల కంటే తగ్గించకూడదు. లారీ, ఆటో, బస్సు నడిపేవాళ్ళు, యంత్రాల మీద పనిచేసేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, మతి ఉద్రేకపడే జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా దీన్ని చేయరాదు. పగటి మత్తు ప్రాణం మీదకు తెస్తుంది.

అయిదోది, చింతలకు వేరే వేళ కేటాయించండి. అప్పు, పిల్ల పెళ్ళి, స్థలం గొడవ, ఇవి పడుకొన్నాకనే గుర్తుకొస్తాయి. పగలంతా వాటికి మనం కూర్చునే టైం ఇవ్వలేదు కాబట్టి అవి రాత్రి వచ్చి కూర్చుంటాయి. మగ్రిబ్ తర్వాత పావుగంట కూర్చొని ఒక కాగితం మీద రాయండి. ఎవరితో మాట్లాడాలి, రేపు చేయగలిగింది ఏమిటి, చేయలేనిది ఏమిటి. రాయడం రానివాళ్ళు ఇంట్లో ఒకరితో చెప్పుకోండి. చేయలేనిదాన్ని దువాలో అల్లాహ్‌కు అప్పగించండి. ఆ తర్వాత మంచం మీద అది మళ్ళీ తలెత్తితే, "నీకు రేపు మగ్రిబ్ తర్వాత టైం ఉంది" అని చెప్పి పక్కన పెట్టవచ్చు. దైవప్రవక్త (స) పడుకొనే ముందు వుజూ చేసుకొని కుడి పక్కకు ఒరిగి పడుకోమని బోధించారు. ఇలా రోజూ ఒకే వరుసలో చేసే పనులు మెదడుకు "ఇక పని ముగిసింది" అని తెలియజేస్తాయి.

బిళ్ళల సంగతి ఇప్పుడు కొంచెం గట్టిగానే చెప్పవలసి ఉంది. కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలుపుతున్నారని పత్రికల్లో చదివి మనం "తౌబా తౌబా" అంటాం. కల్లు వాసన కూడా పడని ఇళ్ళల్లోకి అదే అల్ప్రాజోలం చిన్న బిళ్ళగా మందుల డబ్బాలో కూర్చొని వస్తోంది. ఒకావిడకు రాసిన బిళ్ళ వదిన మింగుతుంది, వదిన చెబితే పక్కింటి పెద్దమ్మ మింగుతుంది. ఈ జాతి మందులు 1960 నుంచి వాడకంలో ఉన్నాయి. ఆపదలో కొద్ది రోజులు, రెండు నుంచి నాలుగు వారాల లోపు, డాక్టరు చెప్పిన మేరకు వాడితే ఉపకారమే. నెలల తరబడి వాడితే మాత్రం ఒళ్ళు వాటికి అలవాటుపడుతుంది. ఒక బిళ్ళ చాలక రెండవుతాయి. ముసలివాళ్ళు రాత్రి లేచి తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకొంటారు. మరుపు వస్తుంది. అందుకే ప్రభుత్వం 2013లో ఈ మందుల్లో చాలావాటిని హెచ్1 పట్టికలో చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే దుకాణంవాళ్ళు వివరాలు ప్రత్యేక రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి.

ఇది విని ఇవాళ ఇంటికెళ్ళి బిళ్ళలు చెత్తబుట్టలో పారేసేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఆగండి. చాలాకాలంగా రోజూ వాడుతున్న ఈ బిళ్ళను ఒక్కసారిగా ఆపితే వణుకు, గాభరా, కొందరికి ఫిట్సు కూడా వస్తాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళి వారాల మీద, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. అలాగే నిద్ర కోసం జలుబు బిళ్ళలు, దురద బిళ్ళలు మింగే అలవాటు కూడా పెద్దవాళ్ళకు మంచిది కాదు. మూత్రం బిగబట్టడం, మతి తడబడటం జరుగుతాయి.

కొన్ని నిద్రలేములు అలవాట్లు మార్చితే పోయేవి కావు. పెద్దగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచేవాళ్ళను ఇంట్లోవాళ్ళే గమనించి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. దానికి వేరే వైద్యం ఉంది. వాళ్ళకు నిద్రబిళ్ళ ఇస్తే ప్రమాదం. పడుకోగానే కాళ్ళు లాగి, కదిలిస్తే తప్ప ఉండలేని బాధ రక్తంలో ఇనుము తక్కువైన ఆడవాళ్ళలో కనిపిస్తుంది. రక్తపరీక్ష చేయించాలి. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచేవాళ్ళు షుగరు, ప్రోస్టేట్ చూపించుకోవాలి. రెండు మూడు రాత్రులు అసలు పడుకోకుండా, అయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుగా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ తిరిగే మనిషిని వెంటనే డాక్టరుకు చూపించాలి. రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, దేనిమీదా ఆసక్తి లేక, బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళది నిద్ర జబ్బు మాత్రమే కాదు, దిగులు జబ్బు. దానికి మంచి మందులున్నాయి, నయమవుతుంది. చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినా, ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడినా 14416 నంబరుకు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. ఫోను ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

రంజాన్ మాసం గురించి ఒక మాట. తరావీహ్ అయ్యాక సహరీ దాకా బజారులో తిరిగి, ఫజర్ తర్వాత మధ్యాహ్నం దాకా పడుకోవడం కుర్రవాళ్ళకు అలవాటైంది. పండుగ వెళ్ళాక ఒంటి గడియారం తిరిగి సర్దుకోక వారాల తరబడి బాధపడేవాళ్ళు ఉన్నారు. తరావీహ్ కాగానే ఇల్లు చేరి పడుకొని, సహరీకి లేచి, మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే ఉపవాసమూ తేలిక, నిద్రా చెడదు.

చివరగా, సంఘంగా మనం చేయగలిగినవి మూడు ఉన్నాయని మనవి చేస్తున్నాం. ఒకటి, మన షాదీఖానాల్లో దావత్‌లు రాత్రి ఒంటిగంట దాకా సాగుతున్నాయి. పిల్లలు కుర్చీల్లోనే ఒరిగిపోతారు, వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు తెల్లవారి ఇల్లు చేరతారు. ఇషా తర్వాత అనవసరమైన ముచ్చట్లు దైవప్రవక్త (స)కు ఇష్టం ఉండేవి కావని హదీసుల్లో ఉంది. పదింటికల్లా భోజనాలు ముగించాలని పెద్దలు ఒక తీర్మానం చేస్తే బాగుంటుంది. రెండు, గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు మనమే చెప్పాలి: అర్ధరాత్రి ఫోను బదులు, మాట రికార్డు చేసి పంపు నాయనా, ఫజర్ తర్వాత వింటాను, సెలవు రోజున తీరిగ్గా మాట్లాడుకొందాం అని. మూడు, నిద్ర పట్టడం లేదని ఎవరైనా చెబితే ఉపదేశం మాని ముందు వినండి. ఏమైందమ్మా, ఎన్నాళ్ళయింది, ఎవరితోనైనా చెప్పావా అని అడగండి. రాత్రి ఒంటరిగా మోసిన బరువు పగలు ఒకరితో చెప్పుకొంటే సగమవుతుంది.

అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) అనే సహాబీ పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతుంటే దైవప్రవక్త (స) వారించారు. మన శరీరానికీ, మన కళ్ళకూ కూడా మన మీద హక్కు ఉందని తెలియజెప్పారు. ఆరాధన కోసమైనా ఆ హక్కు కాజేయవద్దన్నప్పుడు, బజారు కోసం, ఫోను కోసం, రేపటి లెక్కల కోసం కాజేయడం ఏం న్యాయం? నిద్ర మనకు అందిన అమానత్. దాన్ని జాగ్రత్తగా చూసుకొందాం. నిద్ర లేని ప్రతి ఇంటికీ అల్లాహ్ ప్రశాంతమైన రాత్రులు ప్రసాదించుగాక. ఆమీన్.